పదకొండో నెల ఆఖరి రోజు

ఆవిడ పోయిందని విన్నప్పుడు నాకు ముందు దుఃఖం రాలేదు, అనుమానం వచ్చింది. "నిజంగా పోయారా? ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అని ఏలూరు చేపల మార్కెట్లో నిలబడి ఆ చేపలమ్మిని నిలదీశాను. ఒకప్పుడు కొల్లేటి లంకల్లోంచి పొద్దున్నే బస్సెక్కి, మా వీధికి గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన మనిషే. నా ప్రశ్నలకి విసుక్కుంది.

"పోయినోళ్ల గురించి అబద్దం సెప్తానా అమ్మగారూ? మొన్నీమజ్జనే పోయారండి మామ్మగారు. ఆరి మరిదిగారి కొడుకులొచ్చి అన్నీ సేసి, ఇంటికి తాళమేసుకుని ఎల్లిపోయారు."

తాళం అన్న మాట వినగానే నమ్మాను. ఆవిడ బతికుండగా ఆ ఇంటికి ఇంకొకరు తాళం వెయ్యడమా! కలలో మాట.

మామ్మగారంటే నా సొంత మామ్మ కాదు. ఏలూరు పవర్‌పేటలో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు. ముందు భాగం మాకిచ్చి, వెనక ఒంటిగదిలో తనుండేది. మా ఆయన తాడేపల్లిగూడెంలో స్కూలు మాస్టారు. రోజూ పాసింజరులో వెళ్లొచ్చేవారు. గూడెంలోనే కాపురం పెట్టొచ్చు కదా అంటే, మా నాన్న పెదవేగిలో పామాయిల్ తోటకి కాపలా ఉండేవారు. ఆయనకి దగ్గరగా ఉండాలని నేను ఏలూరు అన్నాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న ఉండేది తోటలో రేకుల షెడ్డు. అంచేత నాకు చెప్పుకోవడానికి పుట్టిల్లంటూ లేదు. మా అత్తగారూ అప్పటికే లేరు. ఆ రెండు గదులే నాకు అన్నీ.

ఆ ఇంట్లోకి దిగిన రోజే గొడవ. నేను కొత్త గిన్నె కొనుక్కుని, పాలు తెచ్చుకుని, తలంటుకుని, పాలు పొంగిద్దామని పొయ్యి దగ్గరికి వెళ్తే ఆవిడ అడ్డంగా నిలబడింది.

"ఏంటమ్మా అది?"

"పాలండి. పొంగిద్దామని."

"పాలు పొంగించడమంటే గృహప్రవేశమే కదమ్మా. రేపు కోర్టులో 'మేం గృహప్రవేశం చేసుకున్న ఇల్లిది' అంటే నేనేం చెప్పను?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. వెనక్కి వెళ్లి తన పంపు స్టవ్వు, తన గిన్నె, తన పాలు తెచ్చుకుని తూర్పు ముఖంగా కూర్చుని తనే పొంగించింది. తలో గ్లాసు మా చేతికిచ్చి, "ఇప్పుడు రండి లోపలికి" అంది. అప్పటికే మేం లోపలున్నాం. అయినా ఆవిడ తృప్తి కోసం గుమ్మం దాటి వెళ్లి మళ్లీ వచ్చాం. ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను.

స్వాధీనం. ఆవిడ నోట్లో రోజుకి పదిసార్లు నలిగే మాట అది. మా ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ముందు గోడ మీద అరచెయ్యి వేసి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూసేది. ఎక్కడైనా మేకు కొట్టామేమోనని. క్యాలెండరు తగిలించుకోవడానికి కూడా ఆవిడ కొట్టిన మేకే ఉండాలి. పెరట్లో కనకాంబరం మొక్క నాటబోతే చెయ్యి పట్టుకుంది. "కుండీలో వేసుకో తల్లీ. భూమిలో వద్దు. కుండీ అయితే వెళ్లేటప్పుడు పట్టుకెళ్లొచ్చు" అంది. ఓటర్ల జాబితా రాసుకునేవాళ్లు వస్తే మాకంటే ముందు గేటు దగ్గరుండేది. "అద్దెకున్నవాళ్లని రాసుకోండి బాబూ. ఆ ముక్క రాశారా? ఏదీ, చూపించండి."

అన్నిటికంటే విడ్డూరం రసీదు. అద్దె పుచ్చుకున్నాక ఇంటివాళ్లు రసీదివ్వాలి, చట్టంలో ఉంది అని మా ఆయన అడిగారు. ఇచ్చింది. ఇచ్చి, మమ్మల్ని తిరిగి ఒకటి అడిగింది.

"మేమెందుకివ్వాలండీ? పుచ్చుకున్నది మీరు కదా?"

"అద్దె నేను పుచ్చుకున్నాను మాస్టారూ. ఇల్లు మీరు పుచ్చుకున్నారు. ఇద్దరం ఇచ్చుకోవాలి."

అలా నెలనెలా మా ఆయన చేత 'మేము అద్దెకున్నవారమే గాని మాకు ఈ ఇంటిపై మరే హక్కూ లేదు' అని రాయించుకునేది. బళ్లో పిల్లల చేత దస్తూరీ రాయించే మాస్టారు తనే కూర్చుని దస్తూరీ రాస్తుంటే నాకు నవ్వాగేది కాదు.

ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో వీధిలో అందరికీ తెలుసు. గణపవరం దగ్గర వాళ్లకో చేపల చెరువుండేది. వాళ్లాయన ఒకతనికి నోటి మాట మీద ఒక్క పంటకి కౌలుకిచ్చారు. అతను గట్టు మీద పాక వేశాడు. తర్వాత పాకకి కరెంటు తెచ్చుకున్నాడు. తర్వాత చెరువు తనదే అన్నాడు. వాయిదాలకి తిరుగుతూనే వాళ్లాయన పోయారు. పిల్లల్లేరు. ఈ ఇల్లొక్కటి మిగిలింది. కొల్లేటి సరస్సులో అడ్డంగా తవ్విన చెరువుల గట్లు సర్కారువాళ్లు కొట్టేస్తున్నారని పేపర్లో వచ్చిన రోజుల్లో ఆవిడ ఆశగా నా దగ్గర కూర్చుని రోజూ చదివించుకునేది. "గణపవరం ఉందా అందులో? సరిగా చూడమ్మా." లేదంటే మొహం చిన్నబుచ్చుకునేది. "మాదీ కొట్టేస్తే బాగుండు. నాకూ లేదు, వాడికీ లేదు" అనేది. అంత కసి.

ఇక అసలు సంగతి. అగ్రిమెంటు పదకొండు నెలలకే. అది అందరూ చేసేదే, ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయించాలి కాబట్టి. పన్నెండో నెల మొదట్లో ఇంకో స్టాంపు కాగితం మీద సంతకం పెడితే సరిపోతుంది లోకంలో అందరికీ. మామ్మగారికి సరిపోదు. పదకొండో నెల ఆఖరి రోజున తెల్లారేసరికి మేం పొయ్యీ, నీళ్ల బిందే, ఒక పరుపూ బయట పెట్టి, తాళంచెవి ఆవిడ చేతికివ్వాలి. ఆవిడ తన ఇత్తడి తాళం వేసి, కొంగులో చెవి ముడేసుకుని, వరండాలో కుర్చీ వేసుకుని దీపాల వేళ దాకా ఒంటరిగా కూర్చునేది. ఆ ఒక్కరోజు ఇల్లు ఆవిడ స్వాధీనం. దాంతో మా స్వాధీనం తెగిపోయినట్టేనట. సాయంత్రం తన పాలు పొంగించి, మళ్లీ కొత్తగా మమ్మల్ని లోపలికి పిలిచేది. మొదటి ఏడు మేం దాన్ని సరదాగానే తీసుకుని ద్వారకా తిరుమల వెళ్లొచ్చాం. దర్శనమూ అయింది, స్వాధీనమూ తెగింది అని మా ఆయన వేళాకోళం చేశారు.

రెండో ఏడు వేళాకోళం లేదు. ఆ రోజు వచ్చేసరికి నేను పచ్చి బాలింతని. ఆస్పత్రి నుంచి పిల్లనెత్తుకుని ఆ ఇంటికే వచ్చాను. ఇంకెక్కడికి వెళ్తాను? అద్దింట్లో పురుడంటే మొహం చిట్లించే ఇంటివాళ్లున్న ఊరది. ఈవిడ మొహం చిట్లించలేదు గానీ, లోపలికీ రాలేదు. రోజూ కిటికీ దగ్గర నిలబడి, "పిల్ల పాలు తాగుతోందా?" అనేది. వెంటనే, "గడువు గుర్తుందా?" అనేది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ నెలలోనే ఒకాయన టేపు పట్టుకుని వచ్చి మా వరండా కొలిచి వెళ్లాడు. గేటు దగ్గర ఆవిడతో గొంతు తగ్గించి మాట్లాడాడు. ఎవరండీ అంటే, "ఎవరో, దారినపోయేవాడు" అంది. దారినపోయేవాళ్లు టేపులు పట్టుకుని తిరుగుతారా? చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. పిల్లల్ని గదికి నలుగురిని కుక్కితే మేమిచ్చే అద్దెకి రెట్టింపు వస్తుంది. సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. ఆయన చెప్పులైనా విప్పకుండా తన స్నేహితుడైన ప్లీడరు ఇంటికి వెళ్లారు.

ప్లీడరుగారు చెప్పిందిది. "పదకొండు నెలలైనా, గడువు దాటినా, మీరు అద్దె సక్రమంగా కడుతున్నంతకాలం ఆవిడ మిమ్మల్ని పొమ్మనలేదు. కారణం చూపించి రెంట్ కంట్రోలరు దగ్గర ఆర్డరు తెచ్చుకోవాలి. నీళ్లు, కరెంటు ఆపినా తప్పే. కానీ మీ అంతట మీరు తాళంచెవి చేతికిచ్చి బయటికొచ్చారనుకోండి, ఖాళీ చేసేశారు అంటుంది. అప్పుడు నేనూ ఏం చెయ్యలేను. చెవి మాత్రం ఇవ్వకండి."

ఆయన ఇంటికొచ్చి తాళంచెవిని బియ్యం డబ్బాలో అడుక్కంటా దాచారు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద, ప్లీడరు మీద, ఆయన మీద, అందరి మీదా. ఒళ్లో పసిగుడ్డు. బయట టేపు. బియ్యంలో తాళంచెవి. పిల్లని తీసుకుని ఏ రేకుల షెడ్డులోకి పోవాలో అని ఏడుపొచ్చింది.

గడువుకి ముందు రోజు సాయంత్రం ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"రేపండీ మాస్టారూ."

"రేపు కుదరదండి" అన్నారు ఈయన, తలుపుకి అడ్డంగా నిలబడి. "చెవి ఇవ్వం."

ఆవిడ ఆయన్ని చూడలేదు. భుజం మీదుగా నన్ను చూసింది. నేను మంచం మీంచే అరిచాను.

"పచ్చి బాలింతనండీ మామ్మగారూ! ఈ పిల్లనేసుకుని ఎండలో ఎక్కడికి పోతాను?"

"నేను పొమ్మన్నానా అమ్మాయ్? ఖాళీ చెయ్యమన్నాను."

"రెండూ ఒకటి కాదా?"

"చట్టప్రకారం..." అని ఆయన మొదలుపెట్టారు.

"చట్టం నాకు చెప్పకండి మాస్టారూ. గట్టు మీద పాకేసినవాడికీ ప్లీడరున్నాడు. ఇవాళ మీరు చెవి ఇవ్వం అంటున్నారంటే మీ మనసులో ఏదో ఉంది."

"మీ మనసులో లేదా? ఆ టేపాయనెవరు?"

ఆవిడ గోడ మీద చెయ్యి వేసి తడిమి చూసింది. గోడలో మేకులేమీ లేవు. వెళ్లిపోయిందనుకున్నాం. మళ్లీ వచ్చింది.

"అయితే ఒక పని. మీరు బయటికి రావద్దు. నేనే లోపలికి వస్తాను. రేపు ఈ ఇంట్లో మీ పొయ్యి వెలగకూడదు. నా పొయ్యి మీద నేను వండుతాను, మీరు తినాలి. రేపటికి మీరు అద్దెకున్నవాళ్లు కారు, మా చుట్టాలు. చుట్టాలెన్నాళ్లున్నా ఇల్లు ఇంటివాళ్లదే కదా. స్వాధీనం తెగిపోయినట్టే."

ఆవిడ వెళ్లాక ఆయన నెత్తి పట్టుకున్నారు. "లోపలికొచ్చి కూర్చుంటే మళ్లీ లేపగలమా? ఇదేదో ఎత్తు. పోయి ప్లీడర్ని అడిగొస్తాను" అన్నారు.

"ఎవర్నీ అడక్కండి. రానివ్వండి" అన్నాను. ధైర్యంతో అన్న మాట కాదు. అప్పటికి వారం రోజులుగా ఆయన వండిన అన్నం తింటున్నాను. అది ఒకరోజు జావ, ఒకరోజు రాళ్లు. ఎవరైనా వండి పెడితే చాలు, ఎత్తైనా సరే అనిపించింది.

తెల్లారేసరికి వచ్చింది. పంపు స్టవ్వు, బియ్యం, నెయ్యి గిన్నె, చాప, చేపలమ్మి దగ్గర తెప్పించిన ఎండు సొరచేప. రాగానే మా గ్యాసు సిలిండరు రెగ్యులేటరు ఊడదీసి బొడ్లో దోపుకుంది. ఆయన సెలవు పెట్టి, హాల్లో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆవిడ ఎటు వెళ్తే అటు పేపరు తిప్పుతూ కాపలా కాశారు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, పాలు పడతాయని సొరచేప పొడికూర. ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు కూడా ఆవిడ ఊరుకుందా?

"తింటున్నావు కదా? మాస్టారూ, మీరు చూస్తున్నారు కదా, తన ఇంట్లో తిండి కాదు, నేను పెట్టిన తిండి. రేపు ఎవరైనా అడిగితే చెప్పాలి."

ఆయన పేపరు వెనక నుంచి, "చూశానండి" అన్నారు.

పిల్ల ఏడ్చింది. "నీళ్లెవరు పోస్తున్నారు దీనికి?" అంది.

"ఆయనే."

"ఆయనా! నీకో?"

"నాకెవరు పోస్తారండీ. నేనే."

నా వంక అలా చూసింది, మేము ఇంట్లో ఏదో చెట్టు నాటేసినట్టు. పెద్ద డేగిశా నిండా నీళ్లు కాచింది. గడప దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లని కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రాసి నీళ్లు పోసింది. అంతసేపు అరిచిన పిల్ల అక్కడే నిద్రపోయింది. తర్వాత నన్ను కూర్చోబెట్టింది. వీపు మీద మరుగు నీళ్లు ధారగా పోస్తుంటే నేను 'అమ్మా' అని కేకపెట్టాను. "ఓర్చుకో. ఒళ్లు గట్టిపడాలి" అంది. నా జన్మలో ఇంకొకరు నాకు నీళ్లు పోయడం అదే మొదలు, నాకు గుర్తున్నంతలో. అయినా చెప్పొద్దూ, నా అనుమానం నాకుంది. ఇది కూడా స్వాధీనం లెక్కలోకే వస్తుందేమో, రేపు కోర్టులో దీన్ని ఎలా చెప్తుందో అని తలలో ఒక మూల తిరుగుతూనే ఉంది.

సాయంత్రం నా జుట్టుకి సాంబ్రాణి వేస్తుండగా గేటు చప్పుడైంది. టేపాయన. వెంట ఇంకొకాయన, సఫారీ డ్రెస్సు. మా ఆయన నా వంక చూశారు. అదిగో, చెప్పానా అన్నట్టు. మేం నమ్మి లోపలికి రానిచ్చాం, ఇప్పుడు వాళ్లనీ పిలిచింది. రెగ్యులేటరు ఆవిడ బొడ్లో ఉంది, ఆవిడ చాప హాల్లో పరిచి ఉంది. పిల్లని గట్టిగా పొదువుకుని కిటికీ పక్కన నక్కి విన్నాను.

"నమస్తే అండి. ఇవాళ్టితో అగ్రిమెంటు అయిపోతుందన్నారు కదండీ. సారు కాలేజీ తరఫున వచ్చారు. అడ్వాన్సు కూడా తెచ్చారు. ఇల్లు ఖాళీయే కదా, ఒకసారి లోపల చూసుకుంటాం."

"ఖాళీ ఎక్కడండీ? మనుషులున్నారు."

"ఉంటే ఏంటండీ, అద్దెకున్నవాళ్లే కదా. ఇవాళ మీ స్వాధీనంలోనే ఉంటుందని మీరే అన్నారు."

"నా స్వాధీనంలోనే ఉంది. ఎవరు కాదన్నారు? అద్దెవాళ్లు ఎవరూ లేరు లోపల. మా అమ్మాయి పురిటికొచ్చింది."



"మీకు పిల్లల్లేరని విన్నానండి" అన్నాడు టేపాయన.

"ఇవాళ ఉంది. బాలింతరాలున్న ఇల్లు, మగవాళ్లు అలా తొంగిచూడకూడదు బాబూ. వెళ్లి రండి."

గేటు గడియ వేసి లోపలికొచ్చింది. మా మొహాలు చూడకుండా సాంబ్రాణి గిన్నె అందుకుని, "తల ఇటు తిప్పు. చెమ్మ పోలేదు" అంది.

దీపాలు పెట్టాక తన గిన్నెలో పాలు పొంగించి, గ్లాసులు మా చేతికిచ్చి, రెగ్యులేటరు బల్ల మీద పెట్టి, చాప చుట్టుకుని వెనక గదికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే స్టాంపు కాగితం పట్టుకుని తయారు. సంతకం పెట్టించుకుంది. అద్దె పెంచింది. 'మరే హక్కూ లేదు' అన్న కాగితం కూడా మామూలుగానే రాయించుకుంది. ఆయన సంతకం ఒక్కదానితో ఊరుకోలేదు. కింద నా చేత కూడా సంతకం పెట్టించింది, ఈసారి కొత్తగా.

ఆ రోజు గురించి తర్వాత ఆవిడ ఒక్క మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. టేపాయన్ని పిలిచింది తనే కదా. అద్దె పెంచడానికి మమ్మల్ని బెదిరించాలని పిలిచిందా, నిజంగానే ఇచ్చేద్దామనుకుని మనసు మార్చుకుందా? మా ఆయన మొదటిదే అంటారు ఇప్పటికీ. మరుసటి ఏడు ఆఖరి రోజున పిల్ల తప్పటడుగులు వేస్తోంది. ఈసారి కూడా చుట్టాలంటుందేమో, వండి పెడుతుందేమో అని నేను లోపల్లోపల ఆశపడ్డాను. అనలేదు. "పిల్లకి ఎండ తగలనీకు" అని మాత్రం చెప్పి, తాళం వేసి కుర్చీలో కూర్చుంది. మేం ద్వారకా తిరుమల వెళ్లాం. దారంతా నాకు ఉక్రోషంగా ఉంది.

ఆ తర్వాత నాన్న పోవడంతో ఏలూరులో నాకు పని లేకపోయింది. గూడెం మారిపోయాం. వెళ్లే రోజు గోడలన్నీ చేత్తో తడిమి చూసుకుని, తాళంచెవి పుచ్చుకుని, అడ్వాన్సు అణా పైసలతో సహా ఇచ్చేసింది. రోడ్డు మలుపు దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆవిడ తలుపులు మూసుకుంటూ కనిపించింది.

ఆ కబురు విన్న రోజు ఏలూరు మార్కెట్ నుంచి గూడెం తిరిగొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా పెరట్లోకి వెళ్లి కట్టుచీరతోనే తలమీద నీళ్లు కుమ్మరించుకున్నాను. మా ఆయన కంగారుగా వచ్చారు.

"ఏమైంది? ఎవరు?"

"ఏలూరు మామ్మగారు."

"అయ్యో పాపం" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. తర్వాత నన్ను తేరిపార చూశారు. "మరి నీకెందుకీ స్నానం? మనమేం అవుతాం ఆవిడకి? అద్దెకున్నాం, అంతేగా. మరే హక్కూ లేదని నెలనెలా రాసిచ్చాను కూడాను."

"రాసిచ్చారు. నేనూ పెట్టాను సంతకం. హక్కు సంగతి నేను మాట్లాడ్డం లేదు."

"మరి?"

"దీపం మీరు పెట్టండి. మూడు రోజులు నేను దేవుడి దగ్గరికి రాను" అన్నాను. "పుట్టింటి మైల."

ఆయన లోపలికి వెళ్లి పొడి తువ్వాలు తెచ్చి, నాకు తగలకుండా దండెం మీద వేసి వెళ్లారు.